అద్దం ఆకాశంలో, తెలివి నేల మీద

మేడ మీద డిష్ పెట్టడానికి వచ్చినవాళ్లు చివరి బోల్టు బిగించి దిగిపోయాక దాని మొహం మళ్లీ ఎవరూ చూడరు. ఎండకు రంగు వెలిసినా, అంచులకు తుప్పు పట్టినా అది ఏళ్ల తరబడి ఆకాశంలో ఒకే చోటుకేసి చూస్తూ ఉంటుంది, కింద టీవీలో బొమ్మ వస్తూ ఉంటుంది. డిష్ కదలకపోవడంలో వింతేమీ లేదు, బోల్టులున్నాయి. దానికి ఎదురుగా పైన ఉన్న ఉపగ్రహానికి ఏ బోల్టూ లేదు. సెకనుకు 3 కిలోమీటర్లకు పైగా వేగంతో పరుగెడుతూనే అది కదలనట్టు కనిపించాలి.

ఈ కనికట్టు ఒకే ఒక్క ఎత్తులో సాధ్యం. భూమధ్యరేఖకు నేరుగా పైన 35,786 కిలోమీటర్లు. అంతకన్నా కిందైతే ఉపగ్రహం భూమిని దాటి ముందుకు పోతుంది, పైనైతే వెనకబడుతుంది. సరిగ్గా ఆ ఎత్తులో ఒక చుట్టుకు 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. నక్షత్రాలను గుర్తు పెట్టుకుని కొలిస్తే భూమి తన చుట్టూ తాను తిరగడానికి పట్టేదీ అంతే. మనం చెప్పుకునే 24 గంటలు సూర్యుణ్ణి బట్టి వేసిన లెక్క, దానితో ఉపగ్రహానికి పని లేదు. భూమధ్యరేఖకు పైనే ఎందుకంటే, కక్ష్య ఏమాత్రం వాలుగా ఉన్నా ఉపగ్రహం రోజూ ఉత్తరానికీ దక్షిణానికీ ఊగుతుంది, కింద డిష్ కూడా దాని వెంట ఊగాల్సి వస్తుంది.

1962లో వెళ్లిన టెల్‌స్టార్‌కు ఈ సదుపాయం లేదు. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహం కాబట్టి అట్లాంటిక్‌కు రెండు ఒడ్లకూ ఒకేసారి కనిపించేది ఒక్కో విడతలో ఇరవై నిమిషాలే. ఆ కాసేపూ దాని వెంట తిప్పడానికి భారీ యాంటెన్నాలు కావలసి వచ్చాయి. అలాంటివి ఇళ్ల మీద పెట్టే ప్రశ్నే లేదు. 1964 ఆగస్టులో పైకి పంపిన సింకామ్-3 మొదటి భూస్థిర ఉపగ్రహం, అంటే నేల నుంచి కదలనట్టు కనిపించేది. ఆ అక్టోబరులో టోక్యో ఒలింపిక్స్ దృశ్యాలను అదే పసిఫిక్ దాటించి అమెరికాకు చేర్చింది. మరుసటి ఏప్రిల్‌లో వెళ్లిన ఎర్లీ బర్డ్ 240 ఫోన్ లైన్లు మోయగలదు, లేదంటే ఒక్క టీవీ ఛానెల్. రెండూ కలిపి కాదు.

వీటన్నిటికీ ముందే, 1945 అక్టోబరులో, తర్వాత సైన్స్ ఫిక్షన్ రచయితగా పేరుపొందిన ఆర్థర్ సి. క్లార్క్ 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ఒక లెక్క వేసి చూపించారు. ఈ కక్ష్యలో మూడు కేంద్రాలు పెడితే దాదాపు భూమి అంతటికీ ప్రసారాలు అందుతాయన్నది దాని సారాంశం. ఆ కేంద్రాల్లో మనుషులు కాపురం ఉంటారనే ఆయన అనుకున్నారు. లెక్క సరిపోయింది, మనుషులు మాత్రం వెళ్లలేదు. టీవీ ఉపగ్రహం ఇలా ఎందుకుందో అర్థం కావాలంటే ఇక్కడి నుంచే రావాలి. చెడితే పోయి బాగుచేసే దిక్కు లేని చోట పెద్దగా బుర్ర పెట్టకూడదు. అందుకే ఇంజనీర్లు తెలివంతా నేల మీదే ఉంచుకుని పైకి ఒక అద్దాన్ని పంపారు.

అద్దమంటే కాస్త పనిచేసే అద్దం. ప్రసార కేంద్రంలో ఏడెనిమిది మీటర్ల డిష్ నుంచి 14 గిగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ పైకి వెళుతుంది. ఉపగ్రహం దాన్ని పట్టుకుని, ఫ్రీక్వెన్సీని 11, 12 గిగాహెర్ట్జ్ ప్రాంతానికి దించి, బలం పెంచి కిందికి వదులుతుంది. ఈ పని చేసే ఒక్కో దారిని ట్రాన్స్‌పాండర్ అంటారు, ఒక ఉపగ్రహంలో అవి పదుల సంఖ్యలో ఉంటాయి. ఫ్రీక్వెన్సీ మార్చడం ఎందుకంటే, మార్చకపోతే ఉపగ్రహానికి తన అరుపు తన చెవిలోనే పడుతుంది. మైకు ముందు స్పీకర్ పెడితే వచ్చే కూత లాంటిదే. ఈ మొత్తం పనిలో ఉపగ్రహానికి తను మోస్తున్నది వార్తలో, క్రికెట్టో, కార్టూనో తెలియదు. అందులో ఎన్ని ఛానెళ్లున్నాయో కూడా తెలియదు.

చివరి దశలో బలం పెంచేది ట్రావెలింగ్ వేవ్ ట్యూబ్ అనే పరికరం. అవును, పాతకాలపు రేడియోల్లో ఉండేలాంటి ట్యూబే. ఫోన్లలో చిప్పులు గోరంత అయిపోయిన కాలంలో కూడా ఈ ఫ్రీక్వెన్సీల దగ్గర ఇంత శక్తిని ఇంత పొదుపుగా ఇవ్వడంలో దానికి సాటి వచ్చేవి తక్కువ. ట్యూబులు మార్చడానికి మనుషులు ఉండాలనుకున్న క్లార్క్ లెక్కలో ట్యూబులు మిగిలాయి, మార్చేవాళ్లే లేరు. అందుకే కొన్ని అదనపు ట్యూబుల్ని ముందే పెట్టి పంపుతారు, ఒకటి పోతే కింది నుంచి ఆదేశమిచ్చి ఇంకోదానికి మారుస్తారు.

ఒక ట్రాన్స్‌పాండర్ విడుదల చేసే శక్తి 100, 150 వాట్లు. గదిలో వెలిగే పాతకాలపు బల్బు అంత. ఆ బల్బు వెలుగును ఒక దేశమంతా పరిచి, 36 వేల కిలోమీటర్ల దూరం నుంచి 60 సెంటీమీటర్ల పళ్లెంతో పట్టుకోవాలి. డిష్‌కు చేరేసరికి మిగిలేది సుమారు ఒక పికోవాట్, అంటే వాట్‌లో లక్ష కోట్ల వంతు. ఇంత తక్కువ దానిలోంచి బొమ్మ తీయగలగడమే శాటిలైట్ టీవీలో అసలైన ఘనకార్యం. రాకెట్ ఎగిరినప్పుడు అందరూ చప్పట్లు కొడతారు కానీ ఆ చప్పట్లలో సగం మేడ మీద ఉన్న ఎల్‌ఎన్‌బీకి చెందాలి.

డిష్ ముందు చేతికర్ర చివర మూతి పెట్టుకుని ఉండే చిన్న డబ్బానే ఎల్‌ఎన్‌బీ. మూత విప్పితే గొట్టం అడుగున ఒకదానికొకటి లంబంగా రెండు చిన్న పిన్నులు కనిపిస్తాయి. నిలువుగా ఊగే తరంగాలను ఒకటి, అడ్డంగా ఊగేవాటిని ఇంకొకటి అందుకుంటాయి. ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు వేర్వేరు సిగ్నళ్లు పంపడానికి ఇదే కిటుకు. ఏది కావాలో సెట్‌టాప్ బాక్స్ కింది నుంచే చెబుతుంది, అదీ అదే కేబుల్ మీద. 13 వోల్టులు పంపితే నిలువు, 18 వోల్టులు పంపితే అడ్డం. దానికి తోడు 22 కిలోహెర్ట్జ్ చిన్న కూత కలిపితే పై బ్యాండ్, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీల భాగం. సిగ్నల్ దిగే తీగలోనే కరెంటూ ఆదేశమూ ఎక్కుతాయి. ఛానెల్ మార్చిన ప్రతిసారీ రిమోట్ నొక్కే మనిషికి తెలియకుండా జరిగేది ఇదే.

బిగించడంలో ఒక తమాషా ఉంది. చాలా డిష్‌లు దాదాపు నిటారుగా నిలబడి ఎదుటి మేడ గోడను చూస్తున్నట్టు ఉంటాయి. ఉపగ్రహం ఉండేది మాత్రం అంతకన్నా ఇరవై డిగ్రీలకు పైగా ఎత్తులో. ఎల్‌ఎన్‌బీ నీడ అద్దం మీద పడకుండా దాన్ని కిందికి జరిపినందుకు ఆకారం అలా వచ్చింది. 60 సెంటీమీటర్ల డిష్ చూపు మూడు డిగ్రీల వెడల్పు ఉంటుంది. అంచున పట్టుకుని ఒక వేలెడు జరిపితే మీటరు మీద ముల్లు పడిపోతుంది, రెండు వేళ్లు జరిపితే ఇంకో ఉపగ్రహం తగలొచ్చు. చేతికర్రకు బట్టలారేసే తాడు కట్టి, నెల తర్వాత బొమ్మ రావడం లేదని ఫిర్యాదు చేసే ఇళ్లూ ఉంటాయి.

ఆకాశంలో ఎంత బలం పెట్టాలి, నేల మీద ఎంత తెలివి పెట్టాలి అన్న బేరం ఈ రంగం చరిత్ర పొడవునా నడిచింది. 1975–76లో ఏటీఎస్-6 ఉపగ్రహం భారతదేశంలో 2,400 గ్రామాలకు నేరుగా టీవీ అందించినప్పుడు, పైన తొమ్మిది మీటర్ల గొడుగు విప్పుకుంది, అయినా కింద మూడు మీటర్ల జల్లెడ డిష్‌లు కావలసి వచ్చాయి. 1977లో జెనీవాలో దేశాలు కూర్చుని ఇళ్లకు నేరుగా ప్రసారం చేసే ఉపగ్రహాలకు చోట్లు పంచుకున్నప్పుడు, రిసీవర్లు బలహీనంగానే ఉంటాయన్న అంచనాతో భారీ శక్తిని నిర్ణయించారు. దాని ప్రకారం పశ్చిమ జర్మనీ తయారుచేసిన టీవీ-శాట్ 1లో 230 వాట్ల ట్యూబులు పెట్టారు, ఛానెళ్లు మాత్రం గుప్పెడే. 1987లో పైకి వెళ్లాక దాని సౌర ఫలకం ఒకటి విచ్చుకోనే లేదు, ఉపగ్రహం ఎందుకూ కొరగాకుండా పోయింది.

మరుసటి ఏడాది డిసెంబరులో లక్సెంబర్గ్ సంస్థ ఒకటి ఆస్ట్రా 1ఏను పంపింది. 45 వాట్లే, కానీ 16 ట్రాన్స్‌పాండర్లు. ఈలోగా ఎల్‌ఎన్‌బీల్లో వాడే ట్రాన్సిస్టర్లు ఎంతో మెరుగుపడ్డాయి, వాటి సొంత రొద బాగా తగ్గింది. దాంతో ఆ తక్కువ శక్తికే 60 సెంటీమీటర్ల డిష్ సరిపోయింది. ప్రభుత్వాలు ఏళ్ల తరబడి వేసిన ప్రణాళిక పక్కకు పోయింది. ఆకాశంలో ప్రతి వాట్‌కూ సౌర ఫలకం, బ్యాటరీ, బరువు, రాకెట్ ఖర్చు తోడవుతాయి. నేల మీది చిప్పు మెరుగుపడితే ఏ ఖర్చూ పైకి పోదు. ఈ మాట అప్పట్లో ముందే పట్టుకున్నవాళ్లు తక్కువ.

అద్దం తెలివితక్కువది కావడం వల్ల వచ్చిన పెద్ద లాభం డిజిటల్ రాకతో బయటపడింది. అనలాగ్ కాలంలో ఒక ట్రాన్స్‌పాండర్‌లో ఒక ఛానెల్ పట్టేది. 1990లలో డిజిటల్ ఉపగ్రహ ప్రసారాలకు డీవీబీ-ఎస్ అనే ప్రమాణం వచ్చాక అదే ట్రాన్స్‌పాండర్‌లో సెకనుకు 38 మెగాబిట్లు పోయసాగాయి, ఎంపెగ్-2 కుదింపుతో అరడజనుకు పైగా ఛానెళ్లు ఇమిడాయి. 2005లో డీవీబీ-ఎస్2 వచ్చి అదే వెడల్పులో ఇంకో ముప్పై శాతం దాకా ఎక్కువ పట్టించింది. ఆ తర్వాత హెచ్‌డీ. ఈ మార్పులన్నీ జరిగింది ప్రసార కేంద్రంలోని ఎన్‌కోడర్లో, ఇంట్లోని బాక్సులో. పైన ఉన్నదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. లోపలే డీకోడ్ చేసి మళ్లీ పంపే తెలివైన ఉపగ్రహాన్ని ఆ రోజుల్లో ఎగరేసి ఉంటే, కొత్త ప్రమాణం వచ్చిన రోజే అది పాతసామాను అయ్యేది.

రీచార్జ్ కూడా ఈ పద్ధతిలోనే నడుస్తుంది. ప్యాకేజీ డబ్బు కట్టిన ఇంటికి ఉపగ్రహం ప్రత్యేకంగా ఏమీ పంపలేదు, దానికి ఇళ్లు వేరువేరుగా కనిపించవు. 'ఫలానా నంబరు బాక్సుకు అనుమతి ఇవ్వడమైనది' అన్న సందేశాన్ని కేంద్రం అందరికీ కలిపి ప్రసారం చేస్తుంది. లక్షల బాక్సులు దాన్ని విని వదిలేస్తాయి, ఆ నంబరు బాక్సు ఒక్కటే పట్టుకుంటుంది. సందేశం వచ్చినప్పుడు బాక్సు ఆపి ఉంటే అందదు. అందుకే 'డబ్బు కట్టాం, ఇంకా రాలేదు' అని ఫోన్ చేస్తే అవతలివాళ్లు ముందు చెప్పే మాట 'బాక్సు ఆన్‌లో ఉంచండి' అని.

అద్దం ఎవరి మొహమైనా చూపిస్తుంది, అది దాని లోపం. 1986 ఏప్రిల్ 27 అర్ధరాత్రి దాటాక అమెరికాలో హెచ్‌బీఓ చూస్తున్నవాళ్ల తెర మీద సినిమా మాయమై రంగుల పట్టీలు వచ్చాయి. వాటి మీద 'కెప్టెన్ మిడ్‌నైట్' సంతకంతో నెలకు 12.95 డాలర్ల చందా కుదరదంటూ ఒక సందేశం. నాలుగున్నర నిమిషాలు ఉండి పోయింది. ఫ్లోరిడాలో సిగ్నల్ పైకి పంపే ఒక అప్‌లింక్ కేంద్రంలో రాత్రి డ్యూటీలో ఉన్న ఇంజనీరు తన డిష్‌ను గెలాక్సీ 1 ఉపగ్రహం వైపు తిప్పి, అసలు సిగ్నల్ కన్నా గట్టిగా పంపాడు. ఉపగ్రహం గట్టిగా వినిపించినదాన్నే తిప్పి పంపింది. ఎవరిదని అది అడగలేదు, అడిగే ఏర్పాటు దానికి లేదు. ఆ తర్వాత అమెరికాలో ప్రతి ప్రసార యంత్రమూ తన గుర్తింపును సిగ్నల్‌లోనే కలిపి పంపాలన్న నిబంధన వచ్చింది. దిద్దుబాటు అక్కడా నేల మీదే జరిగింది.

వానతో వచ్చే తంటా అందరికీ తెలిసిందే. 12 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లు, దట్టమైన వానచినుకులు దాన్ని మింగేస్తాయి, చెదరగొడతాయి. అనలాగ్ రోజుల్లో బొమ్మ మీద చుక్కలు పెరుగుతూ పోయేవి, డిజిటల్‌లో అలా కాదు. చివరి దాకా బొమ్మ తేటగా ఉండి, ఒక్కసారిగా గళ్లు గళ్లుగా విడిపోయి ఆగిపోతుంది. 4 గిగాహెర్ట్జ్ సీ బ్యాండ్‌కు వాన పెద్దగా అంటదు కానీ దానికి పెద్ద డిష్ కావాలి. ఇంటి మీద ఎండ కాస్తున్నా అన్ని ఛానెళ్లూ ఒకేసారి పోతే, వాన పడుతున్నది వందల కిలోమీటర్ల అవతల ప్రసార కేంద్రం మీద అని అనుమానించవచ్చు. పెద్ద కేంద్రాలు అలాంటప్పుడు అప్‌లింక్ శక్తిని పెంచుతాయి, లేదా దూరంగా ఇంకో చోట ఉన్న డిష్‌కు మారతాయి.

ఇంకో అంతరాయం గడియారం పెట్టుకుని మరీ వస్తుంది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు రోజుల చుట్టుపక్కల కొన్ని రోజులు సూర్యుడు డిష్‌కు ఉపగ్రహం వెనకగా వస్తాడు. సూర్యుడి రేడియో రొద ముందు ఒక పికోవాట్ ఎంత? సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు, డిష్ చూపు మూడు డిగ్రీలు, కాబట్టి పది నిమిషాల దాకా బొమ్మ రాదు. ఏ ఊళ్లో ఏ రోజు ఏ నిమిషానికో ముందే చెప్పేయవచ్చు. దాదాపు అదే రోజుల్లో ఉపగ్రహం కూడా రోజూ భూమి నీడలోకి వెళుతుంది, గరిష్ఠంగా 72 నిమిషాలు. అప్పుడు సౌర ఫలకాలకు వెలుగు ఉండదు, బ్యాటరీలే దిక్కు. ఇది ప్రేక్షకులకు తెలియదు, తెలియకూడదు కూడా.

కదలకుండా ఉండటం ఉపగ్రహం స్వభావం కాదు. సూర్యచంద్రుల ఆకర్షణ దాని కక్ష్యను ఏడాదికి ముప్పావు డిగ్రీ నుంచి డిగ్రీ దాకా వంచుతుంది. భూమధ్యరేఖ సరిగ్గా గుండ్రంగా లేకపోవడంతో తూర్పుపడమరల్లో కూడా జారుతుంది, వదిలేస్తే 75 డిగ్రీల తూర్పు లేదా 105 డిగ్రీల పడమర రేఖాంశం వైపు నడుస్తుంది. కొద్ది వారాలకొకసారి కింది నుంచి ఆదేశమిచ్చి చిన్న చిన్న రాకెట్లు వెలిగిస్తారు. ఉపగ్రహం తిరుగాడటానికి ఉన్న జాగా డిగ్రీలో పదో వంతు, అంటే 74 కిలోమీటర్ల వెడల్పున్న ఊహాగది. నేల నుంచి చూస్తే అది చంద్రబింబంలో అయిదో వంతు. అలాంటి ఒక్క గదిలో కొన్ని చోట్ల నాలుగైదు ఉపగ్రహాలు కలిసి కాపురం చేస్తాయి, కింద డిష్‌కు అవన్నీ ఒకటే.

ఆ ఆదేశాలు ఆగిపోతే ఏమవుతుందో 2010లో తెలిసింది. ఏప్రిల్ 5న ఇంటెల్‌శాట్ వారి గెలాక్సీ 15 కింది మాట వినడం మానేసింది. కానీ చావలేదు. ట్రాన్స్‌పాండర్లు పనిచేస్తూనే ఉన్నాయి, సౌర ఫలకాలు సూర్యుణ్ణి చూస్తూనే ఉన్నాయి. అలాగే మెల్లగా తూర్పుకు జారడం మొదలుపెట్టింది. ఢీకొనే భయం కన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. దారిలో ఉన్న ఉపగ్రహాలు వాడే ఫ్రీక్వెన్సీలే ఇదీ వాడుతుంది. పక్కింటివాళ్ల కోసం పంపిన సిగ్నళ్లను పట్టుకుని తను కూడా తిరిగి పంపితే కింద రెండు నకళ్లు ఒకదానిపై ఒకటి పడతాయి. అమెరికా కేబుల్ ఛానెళ్లను మోస్తున్న ఏఎంసీ-11 మొదటి పొరుగు. రెండు ఉపగ్రహాల కంపెనీలూ పోటీ పక్కన పెట్టి కూర్చున్నాయి. ఏఎంసీ-11ను కాస్త జరిపారు, చూపు సన్నగా ఉండే పెద్ద డిష్ నుంచి అప్‌లింక్ పంపి గెలాక్సీ 15 చెవిన పడకుండా చూశారు. పత్రికలు దీనికి జాంబీశాట్ అని పేరు పెట్టాయి. డిసెంబరులో అది భూమి వైపు చూపు తప్పి, సౌర ఫలకాలు గురి తప్పి, బ్యాటరీ ఖాళీ అయి, దానంతటదే రీసెట్ అయింది. అప్పుడు మళ్లీ మాట వినడం మొదలుపెట్టింది. మొరాయించిన ఫోన్‌కు బ్యాటరీ తీసి పెట్టినట్టే, కాకపోతే ఎనిమిది నెలలు ఆగాల్సి వచ్చింది.

ఒకే వలయంలో ఇన్ని ఉండటంతో చోటు కోసం తగువులూ ఉన్నాయి. 1976లో కొలంబియా, ఈక్వడార్, కెన్యా లాంటి భూమధ్యరేఖా దేశాలు బొగోటాలో సమావేశమై, మా నేల మీదున్న కక్ష్య భాగం మాదేనని ప్రకటించాయి. ప్రపంచం ఒప్పుకోలేదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ దగ్గర నమోదు, సమన్వయం అన్న పద్ధతే నిలిచింది. ముందు వచ్చినవాళ్లకు మేలు చేసే పద్ధతి అది.

ఇంటర్నెట్ వచ్చాక శాటిలైట్ టీవీ పని అయిపోయిందన్నది సగం నిజం. కోరినప్పుడు కోరిన సినిమా చూపించడం అద్దానికి చేతకాదు. కానీ ఒకే ఆటను ఒకే క్షణాన కోటి ఇళ్లకు చేర్చాలంటే, కోటిన్నొకటో ఇంటికి ఉపగ్రహం మీద పడే అదనపు భారం సున్నా. ఉపగ్రహం మీదుగా వస్తే ఆలస్యమవుతుందన్న మాట కూడా టీవీ విషయంలో అంత పట్టించుకోనక్కర్లేదు. పైకెళ్లి దిగడానికి పావు సెకను పడుతుంది. అది కనిపించేది స్టూడియోలో ప్రశ్న అడిగాక, దూరాన ఉన్న విలేకరి కాసేపు ఊరికే తలాడిస్తూ నిలబడినప్పుడే. ప్రశ్నకో పావు, జవాబుకో పావు.

ఉపగ్రహం ఆయుష్షు సుమారు పదిహేనేళ్లు. దాన్ని ముగించేది చాలావరకు ఇంధనం అయిపోవడం, ఎలక్ట్రానిక్స్ కాదు. 2020 ఫిబ్రవరిలో ఎంఈవీ-1 అనే వాహనం ఇంటెల్‌శాట్ 901కు వెనక నుంచి తగులుకుని, తన ఇంధనంతో దాన్ని మోసింది. అది కూడా లోపల ఏదీ విప్పలేదు, తొయ్యడమే చేసింది. చాలావాటికి అలాంటి సాయం లేదు. వలయంలో చోటు ఖాళీ చేసి మూడు వందల కిలోమీటర్ల దాకా పైకి పోవాలి, దానికి మూడు నెలల కాపురానికి సరిపడే ఇంధనం ఉంచుకోవాలి. చిక్కేమిటంటే, బరువు తెలియని చోట ట్యాంకులో ఎంత మిగిలిందో చూపే ముల్లు పనిచేయదు. పదిహేనేళ్లలో రాకెట్లు ఎన్ని సెకన్లు వెలిగాయో కూడి, ట్యాంకు పీడనం చూసి అంచనా కట్టాలి. ఆ అంచనాలో నెలల తేడా రావచ్చు. చందా డబ్బు తెచ్చే నెలల్ని వదులుకుని ముందే వెళ్లాలా, దారిలో ఆగిపోతుందేమోనన్న టెన్షన్‌తో ఇంకొన్నాళ్లు సాగాలా అన్నది కంపెనీ తేల్చుకోవాలి.

తేల్చుకున్నాక ఛానెళ్లను అప్పటికే పక్కకు వచ్చి చేరిన కొత్త ఉపగ్రహానికి మారుస్తారు. పాతదాన్ని పైకి తోస్తారు, ట్యాంకుల్లో మిగిలింది బయటికి వదిలేస్తారు, బ్యాటరీలను విడగొడతారు. అన్నిటికన్నా చివర, తన క్షేమసమాచారం కిందికి పంపే ట్రాన్స్‌మిటర్‌ను ఆపేయమని ఆదేశం ఇస్తారు. ఆ ఆదేశం అందినట్టు జవాబు రాదు. కంట్రోల్ రూమ్ తెర మీద సిగ్నల్ గీత పడిపోతే అందినట్టు లెక్క.